పేజీ మీద పేచీ వస్తే: కలిసి రాసేవాళ్లు తీర్చుకునే పద్ధతి

పిల్లలమర్రి అనగానే పాలమూరు వాళ్లకు గుర్తొచ్చేది మహబూబ్‌నగర్ పట్టణం పక్కన ఊడలు దిగి ఎకరాల మేర పరుచుకున్న మర్రిచెట్టు. సూర్యాపేట వాళ్లకు అదే పేరు కాకతీయుల కాలంనాటి శివాలయాలున్న ఊరు. తెలుగు వికీపీడియాలో ఆ పేరుతో ఒకే పేజీ ఉందనుకోండి. ఒకరు చెట్టు గురించి రాస్తారు, మరునాడు ఇంకొకరు అది తప్పని తీసేసి గుడుల గురించి రాస్తారు, మొదటివారు వచ్చి మళ్లీ చెట్టును నిలబెడతారు. ఇద్దరూ రాసింది నిజమే, ఇద్దరూ తమ ఊరి మీది ప్రేమతోనే రాశారు. రెండు పేజీలు విడివిడిగా పెట్టి, ఒకే పేరున్నవాటిని విడదీసి చూపే ‘అయోమయ నివృత్తి’ పేజీ ఒకటి తయారుచేస్తే పది నిమిషాల్లో ఈ తగువు తీరిపోతుంది. నల్లగొండ పక్కన ఛాయా సోమేశ్వరాలయం ఉన్న పానగల్‌కూ, వనపర్తి జిల్లాలో కోట ఉన్న పానగల్‌కూ ఇదే మందు.

అయితే అన్ని తగువులూ ఇంత తేలికగా తీరవు. జీతం లేకుండా, ఉద్యోగమూ వ్యవసాయమూ చదువూ చూసుకుంటూ రాత్రిపూట కూర్చుని రాసేవాళ్ల మధ్య ఒక్క వాక్యం మీద మొదలైన వాదం కొన్నిసార్లు మంచి రచయితను శాశ్వతంగా దూరం చేస్తుంది. వికీపీడియా వ్యాసమైనా, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు తెలుగులో రాసుకునే వాడుక పుస్తకమైనా, అందరూ కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ పటంలో మన ఊరి పేరైనా, పేచీ వచ్చినప్పుడు ఏ క్రమంలో నడుచుకుంటే మనిషీ పేజీ రెండూ నిలుస్తాయో ఇక్కడ చెబుతాను.

ముందు చెయ్యి ఆపండి

మీరు రాసిన వాక్యం మాయమైందని చూడగానే ‘రద్దు’ నొక్కాలనిపిస్తుంది. నొక్కకండి. ఒకే పేజీలో 24 గంటల్లోపు 3 సార్లకు మించి ఇతరుల మార్పులను వెనక్కి తిప్పిన వాడుకరిపై నిరోధం విధించవచ్చునని ఆంగ్ల వికీపీడియాలో నియమం ఉంది. దాన్ని చాలామంది 3 సార్లు తిప్పే హక్కుగా అర్థం చేసుకుంటారు, కానీ అది హక్కు కాదు, అంతకుముందే ఆగి మాట్లాడవలసిందన్న హెచ్చరిక. మీరు ఒకసారి తిప్పితే అవతలివారికి రెండోసారి తిప్పే కారణం దొరుకుతుంది, ఆ తర్వాత ఏ వాక్యం మేలైనదన్న ప్రశ్న వెనక్కి పోయి ఎవరి మాట నెగ్గాలన్నదే మిగులుతుంది.

దీనికి రెండు మినహాయింపులు ఉన్నాయి. బతికున్న వ్యక్తి మీద ఆధారం లేని ఆరోపణ కనిపించినా, చదివినవారు పాటిస్తే ఆరోగ్యానికో కంప్యూటర్‌లోని డేటాకో నష్టం తెచ్చే సూచన కనిపించినా వెంటనే తీసేయండి, తీసేసిన నిమిషంలోనే, ఆ వ్యాసానికి జతగా ఉండే చర్చ పేజీలో కారణం రాయండి. మిగతా అన్ని సందర్భాల్లోనూ తప్పనిపించే వాక్యం నాలుగు రోజులు అలాగే ఉన్నా కొంప మునగదు. దాన్ని అలా వదిలేయడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా ఈ ఓర్పు లేకపోతే తర్వాతి మెట్లేవీ పనిచేయవు.

పహాణీ చూసినట్టు పేజీ చరిత్ర చూడండి

ఊళ్లో గెట్టు పంచాయితీ వస్తే పెద్దమనుషులు ముందు అడిగేది పహాణీ. ఏ సంవత్సరం ఆ భూమి ఎవరి సాగులో ఉందో ఆ కాగితం చెబుతుంది. పేజీ చరిత్ర కూడా అలాంటి కాగితమే. ఏ వాక్యం ఎవరు, ఏ రోజున, ఏ కారణం చెప్పి చేర్చారో అందులో ఉంటుంది. ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకున్న రచనలైతే, మార్పుతో పాటు రాసే కమిట్ సందేశాల్లో ఉంటుంది. వాదానికి దిగేముందు ఆ వాక్యం పుట్టిన రోజుదాకా వెనక్కి వెళ్లి చదవండి.

నేనొకసారి ఈ పని చేయకుండా నష్టపోయాను. ఒక ఊరి పేజీలో ‘మహబూబ్‌నగర్ జిల్లా’ అని ఉంటే, పాతబడిన సమాచారమని తీసేసి ‘నారాయణపేట జిల్లా’ అని రాశాను. ఒక సీనియర్ వాడుకరి దాన్ని తిరగ్గొట్టారు. నాకు కోపం వచ్చింది, ఆయనకు జిల్లాల సంగతే తెలియదనుకున్నాను. తీరా చూస్తే ఆ వాక్యం కింద మూలంగా ఇచ్చింది 2011 జనగణన. నేను వాక్యాన్ని మార్చి మూలాన్ని అలాగే వదిలేశాను కాబట్టి, జనగణన ఎన్నడూ చెప్పని మాటను దాని నోట్లో పెట్టినట్టయింది. ఆయన అభ్యంతరం జిల్లా గురించి కాదు, మూలం గురించి.

దక్షిణ తెలంగాణ ఊళ్ల పేజీల్లో ఈ రకం పేచీ మళ్లీ మళ్లీ వస్తుంది, కారణం కూడా స్పష్టమే. 2016 అక్టోబరు 11న పాత నల్లగొండ జిల్లా నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు ఏర్పడ్డాయి. అదే రోజు పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు వచ్చాయి, కొన్ని మండలాలు రంగారెడ్డి, వికారాబాద్ జిల్లాల్లోకి వెళ్లాయి. నారాయణపేట మాత్రం 2019 ఫిబ్రవరి 17 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంది. అంటే 2011 నాటి లెక్కా, 2017లో అచ్చయిన పుస్తకమూ, ఈనాటి బోర్డూ వేర్వేరు మాటలు చెప్పినా ఏదీ అబద్ధం కాకపోవచ్చు. వాక్యానికి కాలం చేర్చితే తగువు పోతుంది: ‘2011 జనగణన నాటికి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఈ గ్రామం, 2019 ఫిబ్రవరి 17న ఏర్పడిన నారాయణపేట జిల్లాలోకి వచ్చింది.’ మొదటి సగానికి జనగణన మూలం, రెండో సగానికి జిల్లా ఏర్పాటు ఉత్తర్వు మూలం. ఊళ్ల పేజీల్లో నేను చూసిన పేచీల్లో పెద్ద భాగం ఇలా తేదీ లేని వాక్యాల వల్ల పుట్టినవే.

పేచీ దేని గురించో తేల్చుకోండి

చరిత్ర చదివాక మిమ్మల్ని మీరు అడుగవలసిన ప్రశ్న ఇది: మేము దేని గురించి విభేదిస్తున్నాం? నిజం గురించా, మాట గురించా, చోటు గురించా, లేక మనసు నొచ్చుకున్నదా? ఒకదానికి వాడే మందు ఇంకొకదానికి పనిచేయదు. నొచ్చుకున్న మనిషి ముందు మూలాలు గుమ్మరిస్తే ఇంకా నొచ్చుకుంటాడు, మూలం అడిగిన మనిషికి మర్యాదలు చేస్తే విసుక్కుంటాడు.

నిజం గురించిన పేచీకి నల్లగొండ ఫ్లోరైడు సమస్యను మించిన ఉదాహరణ మనకు అక్కర్లేదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల వరకు ఫ్లోరైడు ఉండవచ్చని ఒకరు రాస్తారు, కాదు 1 మిల్లీగ్రామే హద్దని ఇంకొకరు దిద్దుతారు. ఇద్దరూ పుస్తకం చూసే మాట్లాడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువ 1.5. మన దేశపు తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500లో ఆమోదయోగ్య పరిమితి 1, వేరే నీటి వనరు లేనప్పుడు అనుమతించే పరిమితి 1.5. ఇలాంటి చోట ఒక అంకెను గెలిపించడం చదివేవారికి అన్యాయం చేయడమే. ఏ సంస్థ ఏ అంకెను ఏ షరతు మీద చెప్పిందో పేరుపెట్టి రాయాలి. మూలాలు విభేదించినప్పుడు మనం తీర్పు చెప్పకుండా, ఆ తేడానే పాఠకుడికి చూపాలి.

దీనికంటే కష్టమైనది అనుభవానికీ మూలానికీ మధ్య వచ్చే పేచీ. మర్రిగూడ వైపు నుంచి ఒక వాడుకరి వచ్చి, తన తాత ఫ్లోరైడు నీటి వల్ల వంగిపోయిన ఎముకలతో బతికిన తీరును చూసినవాడు కాబట్టి, తమ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఈ బాధ ఉందని రాస్తాడనుకోండి. మూలం లేదని ఆ వాక్యాన్ని ఒక్క దెబ్బతో తీసేస్తే నియమం ప్రకారం సరే కావచ్చు గానీ, ఆ మనిషి మళ్లీ రాడు. ఇలా చేయండి: వాక్యాన్ని ముక్కలుగా విడదీయండి. మూలం దొరికే ముక్కను పేజీలో ఉంచండి. దొరకని ముక్కను చెరిపేయకుండా చర్చ పేజీకి తరలించి, దానికి ఆధారం ఎక్కడ దొరకవచ్చో మీరు కూడా వెతకండి: ఆరోగ్యశాఖ సర్వే, పాత పత్రికా కథనం, పరిశోధనా పత్రం. సొంతంగా చూసినదాన్ని వికీపీడియా మూలంగా ఒప్పుకోదు, అది ఆ విజ్ఞాన సర్వస్వం పెట్టుకున్న హద్దు. కానీ చూసినవాడు అబద్ధమాడుతున్నాడని ఆ హద్దుకు అర్థం కాదు. ఈ తేడాను ఆయనకు మాటల్లో చెప్పే బాధ్యత మీదే.

మాట గురించిన పేచీ వేరు. చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటును మన దగ్గర మత్తడి అంటాం, అలుగు అని కూడా అంటాం, కోస్తా వైపు కలుజు అనేవాళ్లున్నారు. ఇందులో ఒకటి ఒప్పు, మిగతావి యాస అనే వాదనను మొదట్లోనే ఆపాలి. మత్తడి అన్నది రైతు నోట పుట్టి నిలిచిన మాట, దాన్ని ‘దిద్దడం’ దిద్దుబాటు కాదు. తెలంగాణ చెరువు పేజీలో మత్తడి అని రాసి, మొదటిసారి వచ్చినచోట మిగతా పేర్లు కూడా చెబితే అందరికీ అర్థమవుతుంది. సాఫ్ట్‌వేర్ వాడుక పుస్తకాల్లో మాత్రం వేరే సూత్రం ఉంది: తెర మీద ‘ఫైలు’ అని కనిపిస్తుంటే పుస్తకంలో ‘దస్త్రం’ అని రాయకూడదు, ఎంత అందమైన మాటైనా సరే, చదివేవాడు ఆ మెనూ కోసం వెతికి వెతికి అలసిపోతాడు. దస్త్రమే మేలని మీరు నమ్మితే తెర మీది అనువాదాన్ని మార్చే చోటికి వెళ్లి అక్కడ వాదించండి. ఏ మాట వాడాలన్నది ప్రతి పేజీలోనూ విడివిడిగా తేల్చుకోకుండా, జట్టు మొత్తానికి ఒకే పదాల పట్టిక పెట్టుకుని, వాదమంతా ఆ పట్టిక దగ్గరే చేయండి. నల్గొండా నల్లగొండా అన్న ప్రశ్నకైతే, ఒక పేరుతో వెతికినవారిని రెండో పేరున్న పేజీకి చేర్చే దారిమార్పు ఒకటి చాలు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పేర్ల తగువుకు తొలి కొలమానం నేల మీద ఉన్నది ఏమిటన్నదే. ఊరి బోర్డు ఫొటో తీసి, ఆ మార్పు నమోదైన చోట, అంటే చేంజ్‌సెట్ దగ్గర, చర్చ మొదలుపెట్టండి.

చోటు గురించిన పేచీని చాలామంది నిజం గురించిన పేచీ అనుకుంటారు. నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన ‘నల్లగొండ పద్ధతి’నే తీసుకోండి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, అడుగున పేరుకున్న మడ్డిని వేరుచేసి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతి అది. ఒకరు ఆ పేజీలో ఏ నీటికి ఎంత పటిక వేయాలో వరుసగా రాస్తారు, ఇంకొకరు తీసేస్తారు. రాసినది తప్పని కాదు, వికీపీడియా వాడుక పుస్తకం కాదు కాబట్టి. ఆ పట్టికకు, వాడుక పుస్తకాల కోసమే ఉన్న సోదర ప్రాజెక్టు వికీబుక్స్‌లో చోటుంది. సాఫ్ట్‌వేర్ రచనల్లో ఇదే విషయాన్ని డానియెలె ప్రొచీడా ‘డయాటాక్సిస్’ అనే పద్ధతిలో బాగా విడమరచి చెప్పాడు: కొత్తవారికి చేయి పట్టి నేర్పే పాఠం, పని తెలిసినవారికి ఇచ్చే మెట్ల వరుస, వెతుక్కునేందుకు ఉంచే వివరాల పట్టిక, ఎందుకలా అన్నది చెప్పే వివరణ, ఈ 4 రకాలనూ ఒకే పేజీలో కలపకూడదని. ఉబుంటు అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌లో తెలుగు టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకునే పద్ధతి రాస్తున్న చోట మీ సహచరుడు, కంప్యూటర్‌లో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్ చరిత్ర చేర్చాడనుకోండి, అది తీసివేయవలసిన రచన కాదు, పక్క పేజీకి వెళ్లవలసిన రచన. ‘ఇది ఇక్కడ వద్దు’ అనే బదులు ‘దీనికి అక్కడ మంచి చోటుంది, నేను జరుపుతాను’ అనండి.

ఇక మనసు నొచ్చుకున్న పేచీ. పదేళ్లుగా ఒకరు కాపాడుకుంటూ వచ్చిన పేజీని నిన్న చేరిన కుర్రాడు ఒక్క పూటలో మార్చేస్తే, ఆయన చెప్పే కారణం విరామ చిహ్నాల గురించే అయినా అసలు బాధ అది కాదు. ఇక్కడ రాత కంటే గొంతు మేలు. ఫోన్ చేయండి, వీలైతే నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గరో ఎక్కడో కలిసి చాయ్ తాగుతూ మాట్లాడండి. ‘అన్నా, నువ్వు రాసింది చూసే నేను నేర్చుకున్న’ అన్న మాట నిజమైతే అది ముందుగా అనండి. అయితే ఒక్కటి మరవకండి: అక్కడ కుదిరిన నిర్ణయాన్ని ఇంటికి వచ్చి చర్చ పేజీలో రాయాలి, అప్పుడే అక్కడ లేని మూడోవారికి కూడా అది తెలుస్తుంది, వారికీ అభ్యంతరం చెప్పే అవకాశం ఉంటుంది.

చర్చ పేజీలో మొదటి మాట

మొదటి సందేశం ఎలా ఉంటే చర్చ అలా నడుస్తుంది. ఫోన్‌లో అన్నా తమ్మీ అని పిలుచుకునేవాళ్లు కూడా చర్చ పేజీలో ‘గారు’ అని రాసుకోవడం మంచిది, ఎందుకంటే దాన్ని మీ సంగతి తెలియనివాళ్లు చదువుతారు. సందేశం వాక్యం గురించి ఉండాలి, మనిషి గురించి కాదు. ‘మీరెప్పుడూ ఇంతే’ అన్న మాట ఒక్కసారి పడితే ఎంత మంచి మూలమూ దాన్ని కడిగేయలేదు. ఫ్లోరైడు ఉదాహరణకు నేనైతే ఇలా రాస్తాను:

‘నమస్కారమండీ. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చన్న వాక్యాన్ని మీరు 1గా మార్చారు. మీరు భారతీయ ప్రమాణంలోని ఆమోదయోగ్య పరిమితిని తీసుకున్నారనుకుంటున్నాను. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతి ఉందని అదే పట్టికలో ఉంది. అందువల్ల రెండు అంకెలనూ, ఆ షరతునూ కలిపి చెబుతూ వాక్యం రాసి కింద పెట్టాను, చూడండి. నేను పట్టికను తప్పుగా చదివి ఉంటే చెప్పండి, నా వాక్యాన్ని వెనక్కి తీసుకుంటాను. వచ్చే ఆదివారం దాకా పేజీని ముట్టుకోను.’

ఇందులో అవతలివారి వాదనను వారు ఒప్పుకునేలా మీరే చెప్పడం ఉంది, మీరు ఏ షరతు మీద మనసు మార్చుకుంటారో ఉంది, చేతికి అందే ప్రత్యామ్నాయ వాక్యం ఉంది, గడువూ ఉంది. వాక్యం ప్రతిపాదించకుండా కేవలం అభ్యంతరం చెప్పే సందేశాల వల్ల చర్చ నెలలు సాగుతుంది. గడువు వారానికి తగ్గకుండా పెట్టండి. నాట్ల కాలంలోనో పరీక్షల కాలంలోనో అయితే ఇంకా పెంచండి, స్వచ్ఛందంగా పనిచేసేవారి మౌనాన్ని వెంటనే అంగీకారంగా లెక్కించకూడదు.

చేతులెత్తించి లెక్కపెట్టకండి

ఇద్దరి మధ్య తేలకపోతే విషయాన్ని జట్టు ముందుకు తేవాలి. తెలుగు వికీపీడియాలో అందరూ కూడి చర్చించే చోటుకు రచ్చబండ అనే పేరు పెట్టుకున్నారు. 2003 డిసెంబరులో మొదలైన ఒక విజ్ఞాన సర్వస్వం తన సభా స్థలానికి ఊరి చెట్టు కింద బండ పేరు పెట్టుకోవడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి. అక్కడికి వెళ్లగానే ఓటింగ్ పెడదామన్న మాట వస్తుంది. ఒప్పుకోకండి.

ఇంటర్నెట్ ప్రమాణాలను రాసే ఇంజినీరింగ్ టాస్క్ ఫోర్స్ ఈ విషయాన్ని మనకంటే ముందే లోతుగా ఆలోచించింది. అక్కడ 1992లో డేవిడ్ క్లార్క్ చెప్పిన ‘రఫ్ కన్సెన్సస్’ అన్న మాట, అంటే స్థూలమైన ఏకాభిప్రాయం, ఇప్పటికీ ఆచరణలో ఉంది. 2014లో పీట్ రెస్నిక్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 7282 అనే ఆ సంస్థ పత్రం దాని అర్థాన్ని విప్పి చెప్పింది. ప్రతి అభ్యంతరాన్నీ తీర్చనక్కర్లేదు గానీ, ప్రతి అభ్యంతరానికీ సమాధానం చెప్పాలి. ఈ లెక్కన పదిమంది ఒకవైపు ఉన్నా, రెండోవైపు ఒక్కరు చెప్పిన సరైన కారణానికి జవాబు రాకపోతే నిర్ణయం కుదరనట్టే. అలాగే ఒక్కరు కారణం చెప్పకుండా ‘నాకిష్టం లేదు’ అని పట్టుబడితే, వారికోసం పని ఆగనక్కర్లేదు.

మన దగ్గర దీన్ని ఆచరించడం కొంచెం కష్టం. వయసులో పెద్దవారు, ఉద్యోగంలో పైవారు చర్చలో ఉంటే చిన్నవారు నోరు మెదపరు. అందుకే చర్చను ముగించే ముందు ఇప్పటిదాకా మాట్లాడనివారిని పేరుపేరునా అడగండి. ప్రశ్న కూడా ‘మీకు సమ్మతమేనా’ అని కాకుండా ‘దీనితో మీకు ఇబ్బంది కలిగేది ఏమైనా ఉందా’ అని అడిగితే, లోపల దాచుకున్న అభ్యంతరం బయటికి వచ్చే అవకాశం ఎక్కువ.

మూడో మనిషి

అప్పటికీ తేలకపోతే ఈ విషయంలో ఏ పక్షమూ లేని ఒకరిని పిలవండి. వికీపీడియా నిర్వాహకులను న్యాయమూర్తులుగా భావించి వారి దగ్గరికి పరుగెత్తడం పొరపాటు. పేజీని సంరక్షించడానికీ, నిరోధం విధించడానికీ వారికి పరికరాలున్నాయి గానీ, ఏ వాక్యం సరైనదో తేల్చే ప్రత్యేక హక్కు లేదు. మూడో మనిషికి మీ వాదనను ఫోన్‌లో విడిగా చెప్పకండి, ఇద్దరూ చదివేలా ఒకేచోట రాసి చూపండి.

ఆ మూడోవారు ఎవరన్నది పేచీ రాకముందే అనుకోవడం మేలు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను సృష్టించిన గైడో వాన్ రోసమ్, ఆ భాషలో మార్పు కోరిన పెప్ 572 అనే ప్రతిపాదన మీద తీవ్రమైన వాదోపవాదాలు నడిచాక, 2018 జులైలో తుది నిర్ణేత స్థానం నుంచి తప్పుకున్నాడు. ఆ తర్వాత ఆ సముదాయం 5గురు సభ్యులతో ఎన్నికయ్యే స్టీరింగ్ కౌన్సిల్‌ను ఏర్పరచుకుంది. అంత పెద్ద సముదాయం కూడా భారమంతా ఒక్క మనిషి మీద పెట్టి అలసిపోయేలా చేసింది. మీ జిల్లాలో రాసేవాళ్లు ఆరుగురే అయినా, ఎవరికి ఎవరు మధ్యవర్తి అన్నది రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి.

నిర్ణయాన్ని రాసి పెట్టండి

కుదిరిన నిర్ణయం చర్చ పేజీ పైభాగంలో తేదీతో సహా ఉండాలి. ఏం నిర్ణయించారన్నది ఒక వాక్యం, ఎందుకన్నది రెండు వాక్యాలు, ఒప్పుకోని అభిప్రాయం ఏమిటన్నది ఒక వాక్యం, ఏ కొత్త ఆధారం వస్తే మళ్లీ తెరవవచ్చన్నది ఇంకో వాక్యం. పైథాన్‌లో తిరస్కరించిన ప్రతిపాదనలను చెరిపేయకుండా కారణంతో పాటు భద్రంగా ఉంచుతారు, దానివల్ల ఐదేళ్ల తర్వాత అదే ఆలోచనతో వచ్చిన కొత్తవారికి మొదటినుంచి వాదించే అవసరం ఉండదు. ఓడిపోయిన వాదనను రాసే పని దాన్ని వినిపించినవారికే అప్పగించండి, వారి మాట వారి వాక్యాల్లోనే నిలుస్తుంది.

నిర్ణయం మీకు వ్యతిరేకంగా వస్తే పేజీలో ఆ మార్పును మీరే చేయండి. నేను రెండుసార్లు అలా చేశాను, రెండుసార్లూ ఆ తర్వాత అవతలివారితో పనిచేయడం తేలికైంది. ఆ పేజీని మీ వీక్షణ జాబితాలోనే, అంటే మార్పులు గమనించేందుకు మీరు ఎంచుకున్న పేజీల జాబితాలోనే, ఉంచుకోండి. నెల తర్వాత తెరిచి చూడండి, కుదుర్చుకున్న వాక్యం ఎవరో తెలియక మార్చి ఉంటే దాన్ని సరిచేసి, చర్చ పేజీలోని నిర్ణయానికి లింకు ఇచ్చి, ఆ రోజు మీతో విభేదించిన వారికి కూడా ఆ సంగతి ఒక ముక్క రాయండి.